మామ్మ రాని మూడు ఆదివారాలు

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్దలం అయిదుగురం మందిరం వెనక గదిలో కూర్చున్నాం. బాప్తిస్మం కోరినవాళ్ళను ఒక్కొక్కరినీ పిలిచి మాట్లాడటం మా సంఘంలో పాత అలవాటు. ఈసారి ఆరుగురు. నాలుగో ఆమె అరసవల్లి దారిలో టిఫిన్ బండి నడుపుకునే మనిషి, ముప్ఫై అయిదు దాటి ఉంటుంది. కుర్చీ అంచున కూర్చుంది. హాజరు పుస్తకం నా ఒళ్ళో ఉంది. బడిలో పంతులమ్మగా రిటైరైన ఏడాది నాకప్పగించారు. ఇప్పటికి పద్నాలుగేళ్ళు.

మా అయ్యగారు కుర్రవాడు, నెమ్మదస్తుడు. "టీచరమ్మగారూ, ఈ సోదరి ఏడాదిలో ఎన్ని ఆదివారాలు రాలేదు?" అని అడిగారు.

"నాలుగు," అన్నాను.

ఆమె తల వంచుకుంది. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, "అదేటంటే అమ్మా, ఆ నాలుగు వారాలూ మా..." అని మొదలుపెట్టింది.

"సెప్పక్కర్లేదమ్మా," అన్నాను.

నా నోట ఆ యాస పలికి ఎన్నేళ్ళయిందో. అయ్యగారు నా మొహంలోకి చూశారు. పక్కన కూర్చున్న పెద్దాయన అనవసరంగా దగ్గాడు. లెక్క దగ్గర నేను ఎవరినీ వదలనని సంఘంలో పేరు. పెళ్ళి తేదీ ఒక రోజు అటూ ఇటూ చెప్పినా దిద్దుతాను. అలాంటిదాన్ని, కారణం చెప్పబోతున్న మనిషిని నేనే ఆపేశాను. ఆమెను ఒప్పుకున్నారు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాను గానీ తినలేదు.

ఎందుకు ఆపానో అక్కడ ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ రాస్తాను. ఏ సంవత్సరం, ఏ నెల అన్నవి నా దగ్గర రాసి ఉన్నాయి. చదివేవారికి వాటితో పని లేదు.

నాకు పదేళ్ళు నిండటానికి నాలుగు నెలలు తక్కువ. కళింగపట్నానికి దగ్గర్లో, వంశధార సముద్రంలో కలిసే చోట మా పల్లె. ఊళ్ళో నూటపది గడపలు. అందులో ప్రార్థనకు వెళ్ళేవి పద్నాలుగు. మిగిలినవాళ్ళంతా గంగమ్మను కొలిచేవాళ్ళు. మా పద్నాలుగు గడపలవాళ్ళమూ అంతకు ముందు కొలిచినవాళ్ళమే.

ఎండు చేపల వాసనంటే ఇప్పుడు అందరూ ముక్కు మూసుకుంటారు. మాకది ఒక్క వాసన కాదు. పొద్దున్నే ఉప్పు తొట్టెలోంచి తీసిన నెత్తళ్ళది ఒకటి. మిట్టమధ్యాహ్నం ఇసుక వేడికి నూనె కారే కవళ్ళది ఒకటి. సాయంత్రం గంపకెత్తాక చేతులకు మిగిలిపోయేది మరొకటి. చింతపండు పిప్పితో తోముకున్నా అది పోదు. కళ్ళు మూసుకుని ఒక మనిషి చేతులు వాసన చూస్తే, ఆ మనిషి ఆ రోజు ఏం పని చేసిందో చెప్పేసేదాన్ని. నా తోటి పిల్లలు పందెం కాసి మరీ అడిగేవాళ్ళు. ఒక్కసారి కూడా తప్పలేదు.

అమ్మ నన్ను కని పోయింది. నాన్న పడవ మీద వెళ్ళేవాడు. నన్ను పెంచింది నాన్నమ్మ, మామ్మ అనేదాన్ని. పొట్టిగా, గట్టిగా ఉండేది. మాట తక్కువ, పని ఎక్కువ. పొద్దున్నే చోడి అంబలి, రాగులదే, నంజుకోవడానికి నిప్పుల మీద కాల్చిన ఎండు చేప ముక్క. మధ్యాహ్నం గంటె అన్నం, అంటే సజ్జలది, చింతపండు పులుసు. వరి అన్నం ఒక్క పూటే, పొద్దు వాలాక. ఈ సంగతి గుర్తుంచుకోండి, ఎందుకంటే ఆ వరి బియ్యం గురించి తర్వాత చెప్పాలి.

మామ్మ ప్రభువును నమ్ముకున్న కథ నాన్న చెప్పగా విన్నదే. నాకు మూడేళ్ళప్పుడు తాత తెప్ప మీద వెళ్ళి తిరిగి రాలేదు. మామ్మ మూడు నెలలు ఎవరితోనూ మాట్లాడలేదట. అప్పుడు మందిరం అయ్యగారి భార్య, అమ్మగారని పిలిచేవాళ్ళం, ప్రతి బుధవారం వచ్చి మామ్మ పక్కన అరుగు మీద కూర్చునేదట. బోధించలేదు, పాట పాడలేదు. ఒక గంట కూర్చుని వెళ్ళిపోయేది. పదమూడో బుధవారం మామ్మే నోరు తెరిచి, "నువ్వెవరి మనిసివమ్మా?" అని అడిగిందట. ఆ ప్రశ్నకు అమ్మగారు ఇచ్చిన జవాబుతో మొదలైంది అంతా.

మొదలయ్యాక మామ్మ సగం సగం చేసే మనిషి కాదు. మా పూరింటికి నడి మధ్యన నిట్రాడు ఉండేది, ఇంటి బరువంతా మోసే గుంజ. మామ్మ ప్రార్థన పుస్తకాల సంచీ దానికే కట్టింది. బియ్యం కుండ దాని మొదట్లోనే పెట్టింది. పొద్దున్న లేచి దాన్ని ఆనుకునే మోకరించేది. "అన్నీ అక్కడేనేటే?" అని పొరుగామె ఎగతాళి చేస్తే, "ఇంటికిది ఒకటే గుంజ గదే. దీన్నొగ్గీసి దేనికి కడతాను?" అంది. తర్వాత నేను విన్న ప్రసంగాలు వేలల్లో ఉంటాయి. విశ్వాసం బతుకుకు నడుమ ఉండాలని అంతకన్నా సూటిగా చెప్పినవాళ్ళు లేరు.

శనివారం పొద్దు గుంకిందంటే మామ్మ చేప ముట్టేది కాదు. పట్టుబడి ఎంతొచ్చినా ఉప్పులో వేసి మూత పెట్టేసేది. మళ్ళీ సోమవారమే. నాన్న నవ్వేవాడు. "మాయమ్మ సేపలకి కూడా ఆదివారం సెలవిచ్చీసింది," అని పడవ దగ్గర అందరికీ చెప్పేవాడు. నవ్వేవాడే గానీ అడ్డు చెప్పలేదు.

ఆమె కోరిక ఒక్కటే. నెలకొకసారి మందిరంలో ప్రభువు బల్ల ఉండేది, రొట్టె, ఎండు ద్రాక్ష నానబెట్టి పిండిన రసం. బాప్తిస్మం తీసుకోనివాళ్ళు ఆ వేళకు లేచి బయటి వసారాలోకి వెళ్ళాలి. మామ్మ నన్ను వెంటబెట్టుకుని లేచేది. వసారాలో గోడకు ఆనుకుని కూర్చుంటే కిటికీలోంచి ద్రాక్ష వాసన తియ్యగా వచ్చేది. నేను గట్టిగా పీల్చేదాన్ని. మామ్మ పీల్చేది కాదు. కళ్ళు మూసుకునేది.

"ఒలే గుంటా, ఆ బల్లకాడ ఒక్కపాలి కూకోవాలే. అంతే. మరేటీ అక్కర్నేదు," అనేది.

ఈ నమ్మకం ఆమె దగ్గర ఒకటి తీసుకుంది. తన చెల్లెల్ని. మా ఇంటికి మూడిళ్ళ అవతల ఉండేది చిన్నమామ్మ. గంగమ్మ పండగకు ఘటాలెత్తుకుని ఒడ్డుకు వెళ్ళేటప్పుడు ఆ అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ జోడీగా ముందు నడిచేవాళ్ళు, పెళ్ళి కాని రోజుల నుంచీ. మామ్మ తాను రానని చెప్పిన ఏడాది చిన్నమామ్మ ఒక్కతే నడిచింది. ఆ రోజు నుంచి మాటలు లేవు. బావి దగ్గర ఎదురైతే చిన్నమామ్మ బిందె కింద పెట్టి, మామ్మ తోడుకుని వెళ్ళేదాకా సముద్రం వైపు తిరిగి నిలబడేది. నేను కనబడితే మాత్రం, "మీ మామ్మకి కాళ్ళ నొప్పులు తగ్గీయా?" అని అడిగేది. ఇంటికొచ్చి చెప్తే మామ్మ, "తగ్గీయని సెప్పు," అనేది. తగ్గలేదని నాకు తెలుసు.

ఇక బియ్యం సంగతి. మా మందిరంలో ఆడవాళ్ళందరికీ ఒక నేమం ఉండేది. రోజూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేయాలి. ఆదివారం ఆ ఏడు గుప్పెళ్ళూ మూటగట్టి మందిరానికి తేవాలి. అది అయ్యగారి ఇంటికీ, దిక్కులేనివాళ్ళకూ వెళ్ళేది. వరి అన్నం ఒక్క పూటే తినే ఇంట్లో గుప్పెడంటే ఒక పిల్ల ముద్ద. మామ్మ గుప్పెడు చిన్నది కాదు. వేళ్ళ సందుల్లోంచి రాలేదాకా తీసేది.

నేను ఆ కుండలోంచి దొంగతనం చేశాను. ఎవరూ లేనప్పుడు చిటికెడు తీసి బుగ్గన పెట్టుకుని నమిలేదాన్ని, పచ్చి బియ్యం పాలలా తియ్యగా ఉండేవి. ఆ ఏడాదిలో పదకొండు సార్లు. లెక్క నాకు ఖచ్చితంగా తెలుసు. ఎక్కడా రాయలేదు.

ఇంట్లో చదువొచ్చినదాన్ని నేనొక్కదాన్నే. పొద్దు వాలే వేళ అరుగు మీద కూర్చుని మామ్మకు వాక్యం చదివేదాన్ని, రోజుకొక అధ్యాయం. ఎక్కడ ఆపానో పుల్లతో గుర్తు పెట్టేదాన్ని. ఒకరోజు సాయం చేసేటప్పుడు ముందు బూర ఊదించుకోవద్దనీ, చేసింది ఎవరికీ తెలియనివ్వొద్దనీ, దాచి చేసింది తండ్రి చూస్తాడనీ ఉన్న చోటు వచ్చింది. మామ్మ నవ్వింది.

"గుప్పెడు బియ్యానికి బూర ఊదీవోడు ఎవడున్నాడే మనూళ్ళో? సన్నాయోడు పెళ్ళికి పిలిస్తేనే రాడు."

నేనూ నవ్వాను. కాసేపయ్యాక మామ్మ, "అదింకోపాలి సదువు," అంది. చదివాను. "ఎవులికీ సెప్పకూడదనే గదా?"

"అవును."

"అడిగితే?"

నేను పుస్తకంలోకి చూసి వెతికాను. "అడిగితే చెప్పొచ్చని లేదు," అన్నాను. తెలివైన జవాబు చెప్పానని సంతోషపడ్డాను కూడా.

ఆ ఏడాదే మామ్మ బాప్తిస్మానికి పేరు ఇచ్చింది. ఆ రోజుల్లో నియమం గట్టిది. పేరు ఇచ్చిన దగ్గర నుంచి ఏడాది పొడుగునా ఆదివారాలు రావాలి. కారణం లేకుండా రెండుకు మించి మానితే మరో ఏడాది ఆగాలి. సంఘ పెద్దల్లో ముఖ్యుడు మా బడి మేష్టారే. నల్లగా, సన్నగా, ఇస్త్రీ చొక్కాలో ఉండేవారు. నా అంకెలు బాగుంటాయని ఆ ఏటి పుస్తకం నా చేతికిచ్చారు. ఎనిమిదిమంది పేర్లు. ఒక్కొక్కరికీ రెండు వరసలు, ఒకటి మనిషికి, ఒకటి బియ్యానికి. వస్తే గీత, రాకపోతే సున్నా.

నాకు పట్టలేని గర్వం. గీతలు స్కేలు పెట్టి గీసేదాన్ని. సున్నాలు వంకర పోతున్నాయని నాన్న చొక్కా గుండీ ఒకటి ఊడదీసి, దాని చుట్టూ పెన్సిల్ తిప్పేదాన్ని. నాన్న ఆ చొక్కాకి గుండీ లేకుండానే ఊళ్ళో తిరిగేవాడు. ఎవరు తీశారో ఆయనకు తెలియదు.

వానల ముందు, ఎండ తీవ్రంగా ఉన్న రోజుల్లో చిన్నమామ్మ ఒడ్డు మీద పడి కాలు విరుచుకుంది. ఆమె కొడుకు ఒరిస్సా వైపు వలకు వెళ్ళి ఉన్నాడు. ఇంట్లో మరెవరూ లేరు. ఒకసారి ఎండకు వేసిన చేపలు ఆగవు కదా. మిగిలిన రోజుల్లో చుట్టుపక్కల ఆడవాళ్ళు తలొకరు వచ్చి ఆమె చేపలు ఇసుక మీద పరిచి, తిరగేసి, ఎత్తి వెళ్ళేవాళ్ళు. ఆదివారం మాత్రం ఎవరూ ఉండరు. ఆదివారం సంత. ఊళ్ళో నడవగలిగిన ప్రతి మనిషీ గంప నెత్తిన పెట్టుకుని సంతకు పోయేది. మిగిలేది మా పద్నాలుగు గడపలవాళ్ళమే. మేము ఆదివారం చేప ముట్టం.

ఇదంతా అప్పుడు నా కళ్ళ ముందే ఉంది. కలిపి చూసుకోవడం నాకు చేతకాలేదు.

మొదటి ఆదివారం మందిరం గంట కొట్టాక మామ్మ బియ్యం మూట నా చేతిలో పెట్టింది. "నువ్వెల్లు," అంది.

"నువ్వు రావా?"

"నాకు పనుంది."

ఆదివారం మామ్మకు పనేమిటో అర్థం కాలేదు. వెళ్ళి బియ్యానికి గీత గీశాను. మనిషికి సున్నా చుట్టాను. గుండీ పెట్టుకునే. ఇంటికొచ్చేసరికి మామ్మ చేతులు తోముకుంటోంది. దగ్గరకు వెళ్ళగానే తెలిసిపోయింది. కవళ్ళు, ఎండలో రెండుసార్లు తిరగేసినవి.

"మామ్మా, చేపలు ముట్టావా?"

మామ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది. "అంబలి తాగు," అంది.

రెండో ఆదివారం, మూడో ఆదివారం అంతే. నాకు కోపం వచ్చింది. ప్రభువు బల్ల కావాలంటూనే ఈవిడ ఇలా చేస్తుందేమిటని. మూడో సున్నా చుట్టేటప్పుడు మనసులో చిన్న తృప్తి కూడా కలిగింది. అది ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఏడాది నిండింది. ఎనిమిదిమందినీ మందిరంలో చాపల మీద కూర్చోబెట్టారు. బల్ల అవతల అయ్యగారు, మేష్టారు, మరి ఇద్దరు పెద్దలు. పుస్తకం పట్టుకుని బల్ల పక్కన నేను. మామ్మ వంతు వచ్చింది. ఎవరిని నమ్మావు, ఎందుకు నమ్మావు అని అయ్యగారు అడిగారు. మామ్మ తడుముకోకుండా చెప్పింది. అయ్యగారి కళ్ళు చెమర్చాయి. మేష్టారు నా వైపు తిరిగారు.

"ఎన్ని మానింది?"

"మూడండీ. బియ్యం ఒక్కవారం కూడా మానలేదండీ."

"మూడంటే ఒకటి ఎక్కువ," అన్నారు మేష్టారు. మెత్తగానే అన్నారు. "కారణం చెప్పమ్మా. ఒంట్లో బాగోలేదా?"

అవునంటే అయిపోయేది. ఎవరూ అడ్డు చెప్పేవాళ్ళు కారు. మామ్మ, "బాగానే ఉన్నాను బావూ," అంది.

"మరెక్కడున్నావు?"

"అది సెప్పకూడదయ్యా."

పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చాపల మీద ఎవరో గుసగుసలాడారు. మేష్టారు మళ్ళీ నా వైపే తిరిగారు. "ఇంట్లోదానివి. నీకేమైనా తెలుసా?"

అడిగితే తెలిసింది చెప్పాలని బడిలో ఆయనే నేర్పారు. నేను నిటారుగా నిలబడి, పద్యం అప్పజెప్పినట్టు అన్నాను. "ఆ మూడు రోజులూ మామ్మ చేతులు చేపల వాసన వచ్చాయండీ. ఎండలో తిరగేసిన చేపలండీ."

మామ్మ నా వైపు చూసింది. కోపంగా చూసి ఉంటే ఆ చూపు ఇన్నేళ్ళు నన్ను పట్టుకుని ఉండేది కాదు. బడిలో నాకు మొదటి మార్కు వచ్చిందని చెప్పినప్పుడు ఎలా చూసేదో అలాగే చూసింది.

"ఆదివారం చేపలు ముట్టావా అమ్మా?" అన్నారు మేష్టారు.

"ముట్టాను."

"ఎందుకు?"

మామ్మ నోరు విప్పలేదు. అయ్యగారు, "పోనిద్దాం మేష్టారూ, ఆమె సంగతి మనకు తెలీదా," అన్నారు. మేష్టారు తల అడ్డంగా ఊపారు. "ఈమెకొకటి, ఇంకొకరికొకటి అయితే ఎలాగండీ?" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. ఆయనకూ లెక్కంటే లెక్కే. మామ్మను మరో ఏడాది ఆగమన్నారు.

ఇంటికి నడిచేటప్పుడు నేను వెనక నడిచాను. మామ్మ ఆగి చెయ్యి పట్టుకుంది. "బేగి రాయే, కాళ్ళు కాల్తన్నాయి," అంది.

ఏటి నీళ్ళు తేరుకున్నాక ఏడుగురికి వంశధారలో బాప్తిస్మం ఇచ్చారు. మామ్మ తన కోసమని ఏడాది ముందే తెల్లచీర ఒకటి మడతపెట్టి, వేపాకు వేసి దాచుకుంది. ఆ ఏడుగురిలో ఒకామెకు తెల్లచీర లేదు. మామ్మ దాన్ని తీసి ఇచ్చేసింది. నడుములోతు నీళ్ళలో ఒక్కొక్కరూ మునిగి లేస్తుంటే మామ్మ ఒడ్డున నిలబడి అందరి పొడిబట్టలూ చేతుల మీద వేసుకుని ఉంది. తన చీర కట్టుకున్న ఆమె లేచినప్పుడు, "సలేస్తందేటే?" అని అడిగి తన కొంగుతోనే తల తుడిచింది. ఆ నెల ప్రభువు బల్లకు ఆ ఏడుగురూ లోపల కూర్చున్నారు. వసారాలోకి మేమిద్దరమే వచ్చాం. ద్రాక్ష వాసన వచ్చింది. నేను పీల్చలేదు.

మరో ఏడాది మామ్మకు దొరకలేదు. ఆ తర్వాత వచ్చిన వానల్లో జ్వరం పట్టుకుంది. పదిహేడో రోజుకు లేవలేకపోయింది. అయ్యగారు వచ్చి మంచం పక్కన కూర్చుని, పెద్దలతో మాట్లాడతాననీ, ఒంట్లో కాస్త నెమ్మదిస్తే పడవ మీద ఏటికి తీసుకెళ్ళి ముంచి తెస్తాననీ అన్నారు. నిట్రాడు పక్కన నేను నిలబడి ఉన్నాను.

"వొద్దయ్యా," అంది మామ్మ. "గుంట రాసింది నిజమే. నాను రాలేదు. దాని పుస్తకం తప్పయిపోద్ది."

ఇరవై రెండో రోజు పొద్దున్న పోయింది. నాన్న ఆ పొద్దున్న పడవ తియ్యలేదు.

ఊరంతా వచ్చింది. సమాధికి తీసుకెళ్ళే ముందు మేష్టారు, పెద్దలు వాకిట్లో నిలబడి ఉన్నారు. అప్పుడు చిన్నమామ్మ కర్ర పట్టుకుని, కుంటుకుంటూ వచ్చింది. అన్ని ఏళ్ళలో మా గడప తొక్కడం అదే మొదలు. మామ్మ తల దగ్గర కూర్చుంది. ఏడవలేదు. మామ్మ కుడి చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.

"మూడు సంతలు," అంది ఎవరి వైపూ చూడకుండా. "ఊరంతా సంతకెల్పోనాది. నాను మంచం మీదున్నాను. నా సేపలు ఒక్కటి కుళ్ళలేదు, ఒక్కటి కాకెత్తుకెల్లలేదు. తిరగేసే సప్పుడు లోపలికి ఇనబడతన్నాది. మాయప్ప సెయ్యి, తోడబుట్టినదాని సెయ్యి నాకు తెల్దేటి? సిన్నప్పట్నించి పక్కపక్కన కూకుని తిరగేసినోల్లం. పిలుద్దామని నోటిదాకా వచ్చింది. పిలిస్తే మరి రాదేమోనని ఊరుకున్నాను."

నాకు ఒక్కొక్కటిగా అర్థమయ్యాయి. ఆదివారం సంత. విరిగిన కాలు. మందిరం గంట కొట్టాక ఊళ్ళో చూసేవాళ్ళు ఉండని వేళ. బూర ఊదించుకోవద్దన్న ఆ సాయంత్రం. అడిగితే చెప్పొచ్చని లేదని, పుల్ల గుర్తు పెట్టి మరీ నేను చెప్పిన జవాబు. నేను చదివాను. ఆమె చేసింది. బల్ల ముందు నిలబడి అంతా పోగొట్టుకుంటున్నప్పుడు కూడా ఆ చదివినదాన్నే చేసింది.

మేష్టారు వాకిట్లోంచి కదల్లేదు. పెట్టె ఎత్తేటప్పుడు ముందువైపు ఆయనే పట్టుకున్నారు.

తర్వాతి ఆదివారం పిల్లలందరూ వెళ్ళాక ఆయన నన్ను ఆగమన్నారు. ఆ ఏటి హాజరు పుస్తకం బల్ల మీద తెరిచి పెట్టారు. తన కలం మూత తీసి నా చేతికిచ్చారు. ఇంకు కలం, నేనెప్పుడూ ముట్టనిది.

"ఆ మూడూ గీతలు చేసెయ్యమ్మా," అన్నారు.

కలం పట్టుకుని ఆ సున్నాల వైపు చూశాను. "మామ్మ రాలేదు కదండీ," అన్నాను.

ఆయన కలం తీసుకుని మూత పెట్టుకున్నారు. పుస్తకం మూసి, "ఇది నీ దగ్గరే ఉంచుకో," అన్నారు. ఆ తర్వాత ఆయన ఎవరినీ హాజరు అడగగా నేను వినలేదు. నాకే ఆ అలవాటు పోలేదు.

అప్పుడు దిద్ది ఉండాల్సిందా అని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. దిద్దితే అబద్ధం. దిద్దకపోతే అది కూడా పూర్తి నిజం కాదు. ఎటూ తేల్చుకోలేదు. ఒకటి మాత్రం తేలింది. నా పదకొండు చిటికెళ్ళ బియ్యానికి ఏ పుస్తకంలోనూ వరస గీయలేదు. సొంత మామ్మకు గీశాను.

నేను పద్దెనిమిదో ఏట బాప్తిస్మం తీసుకున్నాను, అదే వంశధారలో. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆరాధన మానినవి పదకొండు ఆదివారాలు, అన్నిటికీ కారణాలు రాసి పెట్టాను. సంఘ సభ్యుల పుస్తకంలో ఎన్నో పేర్లు నా చేత్తోనే ఎక్కించాను. పుట్టిన రోజు, బాప్తిస్మం, పెళ్ళి, ప్రభువునందు నిద్రించిన రోజు, ఏ గడీ ఖాళీ ఉండనివ్వను. మామ్మకు ఆ పుస్తకంలో పేజీ లేదు. ప్రభువు బల్ల దగ్గర కూర్చున్న ప్రతిసారీ రొట్టె చేతిలోకి తీసుకునే ముందు కిటికీ వైపు చూస్తాను. ఇప్పటి మందిరానికి వసారా లేదు. అయినా చూస్తాను.

పోయిన ఆదివారం అన్నం కంచం పక్కకు జరిపి ట్రంకుపెట్టె తీశాను. పుస్తకం అడుగునే ఉంది. అట్ట పోయింది. కాగితాలు పసుపు రంగు తిరిగాయి. మామ్మ పేరు ఆరోది. బియ్యం వరసలో అన్నీ గీతలే, ఒక్కటి తప్పకుండా. పైవరసలో ఆ మూడూ ఉన్నాయి, పక్కపక్కనే. పెన్సిల్ చెరగలేదు. ఎక్కడా వంకర లేదు. ఆ మూడు ఆదివారాలూ మామ్మ నొప్పుల కాళ్ళతో ఎండలో వంగి చెల్లెలి చేపలు ఒక్కొక్కటీ తిరగేస్తుంటే, నేను మందిరంలో నీడపట్టున చాప మీద కూర్చుని, నాలుక పంటి కింద పెట్టుకుని, గుండీ కదలకుండా వేలితో అదిమిపట్టి, ఎంతో శ్రద్ధగా వీటిని చుట్టాను.